పంటికి చిన్నదెబ్బ తగిలినప్పుడు



నీళ్లు త్రాగుచుండగా చెంబు అంచు ముందుపంటికి తగులుట, పాలు పిదుకుచుండగా బఱ్ఱె తల విసరుట, పిల్లవాడు గడపపై బోర్లపడుట మన యిండ్లలో సామాన్యముగా జరుగునవే. నెత్తురు కారలేదు, పన్ను ఊడలేదు గనుక ఎవరును లెక్కచేయరు. మఱునాడు చల్లనినీరు తగులగనే పన్ను జివ్వుమనును. రొట్టె కొఱికిన నొప్పి పుట్టును. చిగురు ముట్టిన మండును. ఇందు ఏది ఓర్చుకొనదగినదో, దేనికి వైద్యుని చూడవలయునో నేడు మనవి చేసెదను.

పన్ను గోడలో దిగగొట్టిన మేకువంటిది కాదు. దాని వేరునకును దవడయెముకకును నడుమ సన్నని నారలు గలవు. నులకమంచముపై మనిషివలె పన్ను ఆ నారలపై ఆని యుండును. దెబ్బకు నారలు నలిగి వాచును. అందుచేతనే నమలినప్పుడు నొప్పియు, పన్ను కొంచెము పైకి లేచినట్లు తోచుటయు కలుగును.

జివ్వుమనుటకు కారణము వేఱు. పంటి పైపొరయగు ఎనామెల్ మన శరీరమున అన్నిటికంటె గట్టిది. దానిలో నరము లేదు. దాని క్రింది పొరయందు కంటికి కానరాని గొట్టములు వేలకొలది గలవు, వానిలో ద్రవముండును. నట్టనడుమ నరములును రక్తనాళములును గల మెత్తని గుజ్జు కలదు. పైపొర పెచ్చులేచినను, బీటవాఱినను, చల్లనినీరు ఆ ద్రవమును కదలించి నరమును రేపును. పైపొర చెక్కుచెదరకున్నను, లోని గుజ్జు అదరినందున కొన్నిదినములు ఈ బాధ యుండవచ్చును.

ఇట్టి దెబ్బ చాలవఱకు వారము పదునైదు దినములలో దానియంతట నది కుదురుకొనును. మొదటిదినమున చల్లని తడిగుడ్డను పెదవిపై వెలుపలనుండి పదినిమిషములు అదుముడు. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి రోజునకు మూడుమార్లు పుక్కిలింపుడు. ఆ పంటితో గట్టివి కొఱుకకుడు. జొన్నరొట్టెను పాలలోనో పప్పులోనో నాననిచ్చి తినుడు. గటకయు మజ్జిగయు మేలు. సకినములు, చెఱకు, మక్కకంకి కొన్నాళ్లు మానుడు. వేపపుల్ల ఆ చోట రాయక, మెత్తని కుంచెతో మెల్లగా తోముడు. నొప్పియని తోముటయే మానినచో చిగురు మఱింత వాచును. బొగ్గు, ఇటుకపొడి పనికిరావు. లవంగనూనె చిగురుపై పోసినను, నొప్పిబిళ్ళను చిగురున అదిమినను చర్మము కాలును. పొగాకు పెట్టుట మఱియు కీడు. నొప్పి యెక్కువైన పారాసెటమాల్ బిళ్ళను వయసునకు తగిన మోతాదులో మ్రింగవచ్చును.

ఇక ముఖ్యమైన సంగతి. నొప్పి తగ్గుట రెండువిధములు. పన్ను కోలుకొని తగ్గుట యొకటి. లోని గుజ్జు చచ్చి తగ్గుట రెండవది. రక్తనాళము తెగిన గుజ్జు మెల్లగా చచ్చును, జివ్వుమనుట ఆగును, మనము నయమైనదనుకొందుము. కొన్ని వారములకో నెలలకో ఆ పన్ను బూడిదరంగునకు తిరుగును. ఏండ్లు గడచినపిదప వేరుకొన చీము పట్టి, చిగురుపై మొటిమవలె లేచును.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలో ఈ రంగు తేలికగా కన్ను తప్పును. ఇచ్చటి నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు బావినీటిలో కరగి, తరతరముల పండ్లకు గార తెచ్చినది. ఈ వ్యాధినిగూర్చి వైద్యులు 1937లోనే నెల్లూరు సీమనుండి వ్రాసిరి; మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములు దీనిచే మిక్కిలి నలిగినవి. మిషన్ భగీరథ పథకము 2016లో ఆరంభమైన పిదప కృష్ణాజలములు ఈ గ్రామములకు చేరినను, చిన్ననాట బావినీరు త్రాగినవారి పండ్లపై గార నిలిచియే యున్నది. అందుచే దెబ్బతిన్న పన్ను నల్లబడినను, నీళ్లగారయే యని ఊరకుందుము.

ఈ రెంటికి భేదమిది. నీళ్లగార పన్ను దవడలో తయారగునప్పుడే, ఎనిమిదేండ్లలోపు వయసున, ఏర్పడును; తరువాత దాని వన్నె ముదురవచ్చును. అది కుడిపంటికి ఎడమపన్ను జతగా, పెక్కు పండ్లపై చారలుగా మచ్చలుగా నుండును. దెబ్బ తెచ్చిన రంగు ఒక్కపంటికే, అంతయు నొకే తీరున, దెబ్బ తరువాతనే వచ్చును. గార బాగుగా ముదిరిన పంటి పైపొర పెళుసగును గనుక, చిన్నదెబ్బకే పెచ్చులేచుటయు గలదు.

కావున పన్ను కదలినను, ప్రక్కకు జరిగినను, విఱిగినచోట ఎఱ్ఱని చుక్క కనబడినను నాడే వైద్యుని చూడుడు. ముఖము వాచి జ్వరము వచ్చినను ఆలస్యము కూడదు. వేడి తగిలిన నొప్పి చాలసేపు నిలిచినను, రాత్రి నిద్ర చెడినను, రంగు మాఱినను, చిగురున మొటిమ లేచినను తప్పక చూపుకొనుడు. రంగు మాఱిన ప్రతిపన్నును చచ్చినదే యని కాదు. ఎక్స్‌రే తీసి పరీక్షించి వైద్యుడే నిర్ణయింపవలయును. చచ్చిన గుజ్జును తీసి వేరును నింపినచో పెక్కుమార్లు పన్ను దక్కును, పెఱికించుకొన నక్కఱలేదు. జిల్లా ప్రభుత్వాసుపత్రులందును, నార్కట్‌పల్లి దంతవైద్య కళాశాలయందును, హైదరాబాదు అఫ్జల్‌గంజిలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలయందును ఈ వైద్యము గలదు.

పిల్లల పాలపండ్లను ఉపేక్షింపకుడు. వాని వేళ్లచెంతనే రాబోవు పండ్ల మొలకలుండును.

దెబ్బ తగిలిన దినమును గోడపై గీసికొనుడు. నొప్పి పోయినను నెలకొకసారి, ఏడాదిపాటు, వెలుతురున ఆ పంటిని ప్రక్కపంటితో పోల్చి చూడుడు. ఇందుకు అద్దమొకటి చాలును. సెలవు.