గాలి అనే ఒక్క మాట

కర్ణాటకలోని పేరేసంద్ర క్రాస్‌లో బస్సు దిగి ఏ పక్క పల్లెకు నడిచినా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు భాషలున్న ఈ సీమలో ఒక్క సంగతికి మాత్రం చాలాకాలంగా ఒకే మాట: గాలి. పెళ్లయి ఏడాది తిరగని కోడలు పొయ్యి దగ్గర విరుచుకు పడిపోయి, పిడికిళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకుంటే "గాలి తగిలిండాది" అంటారు. చదువు మధ్యలో ఆపేసిన కుర్రాడు గోడవైపు తిరిగి, ఎవరో పిలిచినట్టు జవాబులు చెబుతుంటే అదీ గాలే. ఇద్దరికీ అదే నిమ్మకాయ, అదే వేపమండ, అదే తాయెత్తు. కానీ ఆ కోడలికి వచ్చింది వేరు, ఆ కుర్రాడికి వచ్చింది వేరు. మొదటిదాన్ని వైద్యులు చాలాకాలం హిస్టీరియా అన్నారు. రెండోది భ్రాంతి.

హిస్టీరియా అన్న పేరులోనే ఆడవాళ్లకు జరిగిన అన్యాయం ఉంది. గ్రీకులో హిస్టెరా అంటే గర్భసంచి. అది ఒంట్లో చోటు మారడం వల్లే ఈ బాధలన్నీ అని పూర్వపు గ్రీకు వైద్యులు నమ్మారు. 19వ శతాబ్దం చివర్లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే నరాల వైద్యుడు మగవాళ్లలో, కాయకష్టం చేసే కూలీల్లో కూడా ఇదే జబ్బును చూపించాడు. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి రాసిన పుస్తకం దీన్ని మనసులో అణిచిపెట్టుకున్న బాధతో ముడిపెట్టింది. 1980లో అమెరికా మనోవైద్యుల జాబితా హిస్టీరియా అన్న పేరునే వదిలేసింది. ఇప్పుడు వైద్యులు వాడే పేరు ఫంక్షనల్ న్యూరొలాజికల్ డిజార్డర్. అంటే నరాలు తెగలేదు, మెదడులో గడ్డ లేదు, కానీ పని జరగాల్సిన తీరులో జరగడం లేదు.

"అంతా నటన" అని అత్తగారో మరిదో అనే మాట నాకు నిమ్మకాయల కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. అక్కడ జరిగేదేమిటో తెలియాలంటే 1908లో హూవర్ అనే అమెరికా డాక్టరు రాసిన చిన్న పరీక్ష చూడండి. ఒక కాలు చచ్చుబడిందన్న మనిషిని పడుకోబెట్టి, ఆ కాలి మడమ కింద డాక్టరు అరచెయ్యి పెడతాడు. "ఈ కాలితో నా చేతిని కిందికి నొక్కమ్మా" అంటాడు. ఆమె ఎంత ప్రయత్నించినా బలం రాదు. "సరే, ఆ బాగున్న కాలు పైకెత్తు" అంటాడు. అది ఎత్తగానే, ఇందాక కదలని కాలి మడమ డాక్టరు చేతిని గట్టిగా నొక్కుతుంది. ఒక కాలు ఎత్తితే ఒళ్లు నిలదొక్కుకోవడానికి రెండో కాలు తనంతట తానే నేలను తన్నుతుంది, అందుకు మన ఆజ్ఞ అక్కర్లేదు. అంటే నరం బాగుంది, కండ బాగుంది. కావాలని కదిలించబోతేనే దారి మూసుకుపోతోంది. పూర్వం కొందరు డాక్టర్లు ఈ పరీక్షను దొంగను పట్టుకోవడానికన్నట్టు వాడారు. ఇప్పుడు మంచి డాక్టరు దీన్ని రోగికే చూపించి, "చూడమ్మా, నీ కాలిలో బలం ఉంది, దాన్ని మళ్లీ రప్పించుకోవచ్చు" అంటాడు. చాలామందికి వైద్యం అక్కడే మొదలవుతుంది.

భ్రాంతి ఇంకో దారి. తాడును చూసి పాము అనుకోవడం భ్రాంతి కాదు, అక్కడ తాడైనా ఉంది. ఏమీ లేనిచోట పాము కనబడితే, ఎవరూ లేని గదిలో గొంతు వినబడితే అది భ్రాంతి. వినేవాడికి ఆ గొంతు ఊహలా ఉండదు, పక్కింటి రేడియోలా బయటినుంచే వస్తుంది. 1993లో లండన్ పరిశోధకులు గొంతులు వినిపిస్తున్న రోగుల మెదళ్లను ఆ క్షణాల్లో స్కాన్ తీశారు. మనం మాట్లాడేటప్పుడు పనిచేసే బ్రోకా ప్రాంతంలో రక్తప్రసరణ పెరిగి కనబడింది. దాన్నిబట్టి, మనిషి తన మనసులో తాను అనుకునే మాటే, దానిమీద "నాది" అన్న ముద్ర పడకపోవడంతో పరాయి గొంతుగా వినబడుతోందని చాలామంది శాస్త్రవేత్తల ఆలోచన.

ఈ "నాది" అన్న ముద్ర దగ్గరే రెండు జబ్బులూ దగ్గరి చుట్టాల్లా కనబడతాయి. హిస్టీరియా వణుకు ఉన్నవాళ్లను స్కాన్ తీస్తే, ఈ కదలిక నాదే అన్న భావానికి సంబంధించిన మెదడు భాగం, కుడి చెవికి పైన కాస్త వెనగ్గా ఉండేది, మందగించి కనబడింది. ఒకరికి సొంత మాట పరాయిదైంది, ఇంకొకరికి సొంత కదలిక పరాయిదైంది. ఊరివాళ్లు రెండింటినీ బయటినుంచి తగిలిన గాలి అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అనుభవించేవాళ్లకూ అది అలాగే ఉంటుంది.

వైద్యం మాత్రం వేరు. కుర్రాడి గొంతులు స్కిజోఫ్రీనియావైతే మందులు కావాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. తాగుడు హఠాత్తుగా మానేసిన రెండుమూడు రోజులకు ఒంటిమీద పురుగులు పాకుతున్నాయని కేకలేసేవాణ్ణి ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చాలి, ప్రాణం మీదికి వస్తుంది. చూపు మందగించిన ముసలమ్మకు నట్టింట్లో పిల్లలు ఆడుకుంటున్నట్టు కనబడితే అది పిచ్చి కాకపోవచ్చు. 1760లోనే బొనే అనే స్విట్జర్లాండ్ పండితుడు చూపు తగ్గిన తన తాతకు ఇలా జరగడాన్ని రాసిపెట్టాడు. పోయిన మొగుడు పిలిచినట్టు వినబడటమూ జబ్బు కాదు. 1971లో రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్లు దగ్గరే ఉన్నట్టు తోచడమో, కనబడటమో, వినబడటమో చెప్పారు. జాతరలో గంగమ్మ ఒంటిమీదికి వచ్చి, ఉత్సవం అయ్యాక మామూలు మనిషై ఇంటికెళ్లే ఆడమనిషినీ వైద్యం రోగి అనదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2020 డిసెంబరులో ఏలూరులో అయిదువందల మందికి పైగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. అంతమంది ఒక్కసారి పడితే భయంతో వచ్చిన సామూహిక హిస్టీరియా అనుకోవడం తేలిక. కానీ ఎయిమ్స్ రక్తపరీక్షల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి, పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. తిండీ నీరూ పరీక్షించకుండా హిస్టీరియా అనకూడదు. ఒక్క మనిషి విషయంలోనూ అంతే. 1950లలో హిస్టీరియా అని ముద్ర వేసిన కేసుల్లో దాదాపు 29 శాతం తర్వాత వేరే జబ్బులుగా తేలాయి, 1970ల నుంచి ఆ తప్పు 4 శాతానికి తగ్గిందని 2005లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు లెక్కగట్టారు.

1990లలో కన్నడ వీధుల్లో తలుపుల మీద "నాళె బా" అని, తెలుగు పల్లెల్లో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తుంటాయి. అది హిస్టీరియా కాదు, భ్రాంతీ కాదు. తలుపు మీద రాసినవాళ్లలో ఎవరికీ కాళ్లు చచ్చుబడలేదు, రాత్రిపూట తలుపు తడుతుందని చెప్పుకున్న ఆ ఆడదెయ్యాన్ని వాళ్లు చూడనూ లేదు. నోటినుంచి నోటికి పాకిన భయం, అంతే.

ఇంట్లో ఎవరైనా పడిపోతే చేతిలో తాళాలగుత్తి పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఫోనులో వీడియో తీయండి. మూర్ఛలో కళ్లు సాధారణంగా తెరుచుకుని ఉంటాయి, హిస్టీరియాలో ఎక్కువగా గట్టిగా మూసుకుని ఉంటాయి. ఆ ఒక్క గుర్తుతోనే తేల్చెయ్యకూడదు గానీ, డాక్టరుకు ఆ వీడియో ఎంతో సాయం. బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్ పేరేసంద్ర నుంచి డెబ్బై ఎనభై కిలోమీటర్లు. అంతదూరం వెళ్లేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యవచ్చు, డబ్బులు అక్కర్లేదు. డాక్టరు కన్నడంలో అడిగినా సరే, కోడలిని ఆమె ఇంటి భాషలోనే చెప్పనివ్వండి. ఆమె మాట్లాడేటప్పుడు అత్తగారు కాసేపు గది బయట కూర్చోవాలి.