మెలితే ద్వీపము చుట్టూ తెరచాప పడవలో

పౌలు ఎక్కిన ఓడ బద్దలైన సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. పెనుగాలి, చీకటి, లంగరులు, చలిమంట, చేతిని పట్టుకున్న పాము, ఇవన్నీ ఒక్కసారి విన్నవారు మరచిపోరు. అపొస్తలుల కార్యముల 27, 28 అధ్యాయములలో ఉన్న ఆ మెలితే ద్వీపమే నేటి మాల్టా దేశము. వేసవి సెలవులలో దాని చుట్టూ ఏడు రోజులు తెరచాప పడవలో తిరిగే అవకాశమును ప్రభువు మా కుటుంబమునకు దయచేశాడు. అక్కడ చూసినవీ నేర్చుకున్నవీ పాఠకులతో పంచుకోవాలని ఆశిస్తున్నాము.

చిన్న దేశము, పెద్ద సముద్రము

మాల్టా ఇటలీ దేశపు సిసిలీ ద్వీపమునకు దక్షిణముగా సుమారు 90 కిలోమీటర్ల దూరములో ఉన్నది. పొడవు 27 కిలోమీటర్లు, వెడల్పు పదిహేను కూడా లేదు. ప్రక్కన గోజో, రెండింటి నడుమ చిన్న కొమీనో. అన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లు, అంటే మన వైపు ఒకటి రెండు మండలాలంత. 1964లో బ్రిటిషువారి పాలన నుండి స్వాతంత్ర్యము పొందినది. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. త్రాగే నీటిలో ఎక్కువ భాగము సముద్రపు నీటిలోని ఉప్పును తీసివేసి తయారు చేసుకుంటారు. ప్రజలలో అత్యధికులు రోమన్ కాథలిక్కులు. వారి భాష అరబ్బీకి దగ్గరి చుట్టము. అందుకే ఆ క్రైస్తవులు దేవుణ్ణి 'అల్లా' అనే పిలుస్తారు.

మా పడవలో పడుకోవడానికి మూడు ఇరుకు గదులు, ఒక చిన్న పొయ్యి, కొద్దిపాటి నీళ్ళ తొట్టి ఉన్నాయి. నడిపేది ఆ దేశస్థుడైన ఒక పెద్దాయన. మేము నలుగురము. చెంబెడు నీళ్ళతో ముఖము, కాళ్ళు కడుక్కోవడము మా పిల్లలకు రెండవ రోజుకే అలవాటైనది. ప్రతి సాయంత్రము లంగరు వేశాక పడవ మీదనే కుటుంబ ప్రార్థన చేసుకొని, 27వ అధ్యాయములో కొన్ని వచనములు చదువుకునేవారము.

ఇరువది బారల లోతు

రాజధాని వలెట్టా రేవు నుండి వాయవ్య దిశగా వెళితే సెయింట్ పాల్స్ బే అనే అఖాతము వస్తుంది. దాని ముఖద్వారములో ఒక చిన్న దీవి, దాని మీద 1845లో నిలిపిన పౌలు విగ్రహము ఉన్నాయి. ఓడ ఇక్కడే పగిలినదని ఆ దేశస్థులు తరతరాలుగా నమ్ముతున్నారు. దక్షిణాన ఉన్న వేరొక అఖాతమని చెప్పేవారూ లేకపోలేదు.

ఈ విషయమును శ్రద్ధగా పరిశోధించినవాడు జేమ్స్ స్మిత్ అనే స్కాట్లాండు దేశస్థుడు. ఆయన పాదిరి కాడు. వ్యాపారి, సొంత తెరచాప పడవలలో ఏళ్ళ తరబడి తిరిగినవాడు. 1844-45 చలికాలమును మాల్టాలో గడిపి, గాలులను, లోతులను లెక్కవేసి, 1848లో పౌలు ఓడ ప్రయాణము గురించి ఒక గ్రంథము ప్రచురించాడు. క్రేతు ప్రక్కనున్న కౌద దీవి నుండి ఇక్కడికి సుమారు 476 సముద్రపు మైళ్ళు. గాలికి కొట్టుకుపోయే ఓడ రోజుకు 36 మైళ్ళు జరుగుతుందని ఆయన అంచనా. ఆ లెక్కన పదమూడు రోజుల పైచిలుకు పడుతుంది. పదునాలుగవ రాత్రి నావికులకు నేల దగ్గరపడినట్లు తోచినదని లూకా వ్రాశాడు గదా!

ఆ నావికులు గుండు కట్టిన తాడు వేసి చూస్తే మొదట ఇరువది బారలు, కొంత దూరము పోయాక పదునైదు బారలు వచ్చినది. మన ఊళ్ళలో నూతి తాడును కొలిచే బారే ఇది. రెండు చేతులు చాపినంత, సుమారు ఆరడుగులు. మా పడవలో లోతు చూపే యంత్రము ఉన్నది. అఖాతము వైపు తిరిగేటప్పుడు అది 36 మీటర్లు, తరువాత 27 మీటర్లు చూపినది. మా పెద్దబ్బాయి కాగితము మీద లెక్కకట్టి, "నాన్నా, ఇరవై బారలు, పదిహేను బారలు!" అని కేక వేశాడు.

గాలి మాట

గోజోలోని ఇమ్జార్ రేవులో మాత్రము రెండు రోజులు కదలకుండా ఉండవలసి వచ్చినది. ఆకాశము నిర్మలముగానే ఉన్నది. కాని మజ్జిస్ట్రాల్ అనే వాయవ్యపు గాలి విసరుతున్నది. పిల్లలు ఎంత బ్రతిమాలినా పెద్దాయన ఒప్పుకోలేదు. "సముద్రము రేపు కూడా ఇక్కడే ఉంటుంది" అన్నాడు. ఈశాన్యము నుండి వచ్చే గాలిని వారు గ్రిగాల్ అంటారు. చలికాలములో అది మరీ భయంకరమట. మన బైబిలులో ఊరకులోను అని ఉన్న పెనుగాలి అదేనని పలువురు పండితులు చెబుతారు. ఆ రోజులలో నవంబరు మధ్య నుండి మార్చి వరకు ఓడలు రేవు దాటేవి కావు. పౌలు వద్దని హెచ్చరించాడు. శతాధిపతి మాత్రము నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మాడు. ఆ సాయంత్రము మా ప్రార్థనలో ఆ భాగమే చదువుకున్నాము. పిల్లలు మరి బ్రతిమాలలేదు.

గాలి తగ్గాక గోజో పడమటి తీరము చుట్టి వచ్చాము. అక్కడ ద్వేయ్రా దగ్గర సముద్రములో ద్వారబంధమువలె నిలిచిన గొప్ప రాతి కమాను ఉండేది. 2017 మార్చి 8న తుపానుకు అది కూలిపోయినది. తరువాత మాల్టా దక్షిణపు ఎత్తైన కొండచరియల క్రిందుగా మార్సష్లోక్ అనే జాలరుల పల్లెకు చేరాము. అక్కడి పడవలకు నీలము, పసుపు, ఎరుపు రంగులు వేసి, ముందు భాగమున రెండు కన్నులు చిత్రిస్తారు.

ఒడ్డున మంట వేసినవారు

ఓడలో ఉన్నవారు 276 మంది. వారిలో ఖైదీలున్నారు, సైనికులున్నారు. ఓడ పోయినది, సరుకు పోయినది, ప్రాణము మాత్రము ఒక్కటీ పోలేదు. తడిసి, వణుకుతూ ఒడ్డు చేరినవారిని ఆ ద్వీపవాసులు 'మీరెవరు? ఏ నేరము చేశారు?' అని అడుగక ముందే మంట వేసి చేర్చుకున్నారు. అప్పటికి వారు సువార్త విననివారు! పొప్లి మూడు దినములు తన ఇంట ఆతిథ్యమిచ్చాడు. అతని తండ్రి స్వస్థత పొందినది ఆ తరువాతే.

ఆ సముద్రము మీద ఇప్పటికీ పడవలు పగులుతున్నాయి. ఆఫ్రికా నుండి యుద్ధమునకు, ఆకలికి తాళలేక చిన్న పడవలలో వస్తున్నవారు ఎందరో మునిగిపోతున్నారు. 2015 ఏప్రిల్‌లో ఒక్క పడవ మునిగి వందల మంది చనిపోగా, దొరికిన 24 మృతదేహములను మాల్టాకు తెచ్చారు. క్రైస్తవ, ముస్లిము పెద్దలు కలిసి ప్రార్థన చేసి ఆ పేరు తెలియని వారిని సాగనంపారు. ఇంతమందిని మా చిన్న దేశము ఎలా భరించగలదని అక్కడివారు వాదించుకోవడమూ నిజమే. ఆ చలిమంట కథ వారికి గౌరవమే కాదు, ప్రతి తరములోనూ ఎదురయ్యే ప్రశ్న.

ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్న మనకు కూడా వర్తించదా? వలస కూలీల కుటుంబము మన ఊరి చివర గుడారము వేసుకున్నప్పుడు, తుపానుకు ఇల్లు పోయినవారు మన మందిరము అరుగు మీదికి చేరినప్పుడు, మనము ముందు కులము అడుగుతున్నామా, లేక పుల్లలు ఏరుతున్నామా? ఆ వర్షములో పుల్లలు ఏరినవారిలో పౌలు కూడా ఉన్నాడని మరువకూడదు. అపొస్తలుడైనా ఆ పని తనది కాదనుకోలేదు.

మాల్టా వరకు వెళ్ళనవసరము లేదు. ఒడ్డు ప్రతి ఊరిలోను ఉన్నది. దాని మీద మంట వేసే మనస్సు ప్రభువు మన కుటుంబములకు అనుగ్రహించును గాక!