పలక మీద విషం

పిల్లలూ! మార్కాపురం పేరు చెబితే మీ తాతయ్యలకు మొదట జ్ఞాపకం వచ్చేది పలక. ఆ ఊరి చుట్టుపక్కల భూమిలో దొరికే పలకరాయి పొరలు పొరలుగా విడివస్తుంది. దాన్ని పలచగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ కొయ్య చట్రం బిగిస్తే పలక తయారవుతుంది. ఒకప్పుడు గిద్దలూరు, కంభం బడులలోనే కాదు, తెలుగునాట ఎన్నో బడులలో పిల్లలు మార్కాపురం పలకల మీద ఓనమాలు దిద్దారు.

పలకకు ఒక మంచి గుణం ఉన్నది. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయవచ్చు. పసివాళ్ళ మనసు కూడా పలకవంటిదే అంటారు. కాని దాని మీద పెద్దలు రాసినది అంత సులువుగా చెరగదు. ఈ సంగతి బాగా తెలిసిన ప్రభుత్వం ఒకటి, తన దేశపు పిల్లల మనసుల మీద పన్నెండేళ్ళపాటు పగను రాసింది. ఆ దేశం జర్మనీ. ఆ ప్రభుత్వానికి అధిపతి హిట్లరు. ఆ పగ యూదుల మీద.

యూదులు ఎవరు? వారిది చాలా పురాతనమైన మతం. దేవుడు ఒక్కడేనని నమ్ముతారు. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటిస్తారు. ఎన్నో దేశాలలో నివసిస్తున్నారు. మన దేశంలో కొచ్చిలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనామందిరం నేటికీ ఉన్నది. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతాన్ని ఆచరించే తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి.

జర్మనీలో యూదులు వెయ్యేళ్ళకు పైగా కాపురం ఉన్నారు. వైద్యులు, దుకాణదారులు, ఉపాధ్యాయులు, పనివాళ్ళు, అందరిలాగానే అన్ని పనులూ చేసుకునేవారు. గొప్ప శాస్త్రజ్ఞుడు ఐన్‌స్టీను జర్మనీలో పుట్టిన యూదుడే. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ పక్షాన పోరాడి దాదాపు 12,000 మంది యూదు సైనికులు ప్రాణాలు విడిచారు. 1933లో ఆ దేశపు జనాభా ఆరున్నర కోట్లు. అందులో యూదులు సుమారు ఐదు లక్షలు. అంటే నూటికి ఒక్కరు కూడా లేరు!

మరి ఇంత కొద్దిమంది మీద అంత పగ ఎందుకు?

1918లో జర్మనీ యుద్ధంలో ఓడిపోయింది. గెలిచిన దేశాలు దానిమీద పెద్ద మొత్తంలో నష్టపరిహారం మోపాయి. 1923లో డబ్బు విలువ పడిపోయి, రొట్టె కొనటానికి బుట్టెడు నోట్లు మోసుకుపోవలసి వచ్చింది. 1932 నాటికి 60 లక్షల మందికి పనులు లేవు. జనం కోపంతో, దిగులుతో ఉన్నారు. ఆ సమయంలో హిట్లరూ, అతని నాజీ పార్టీవాళ్ళూ, "మీ కష్టాలన్నిటికీ యూదులే కారణం," అని చెప్పసాగారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించటం అంటే ఇదే. యూదులంటే గిట్టనివాళ్ళు యూరపులో అంతకుముందూ ఉన్నారు. ఆ పాత నిప్పుకు హిట్లరు ఆజ్యం పోశాడు.

1933 జనవరి 30న హిట్లరు ప్రధానమంత్రి అయినాడు. కొద్ది నెలల్లోనే ఇతర పార్టీలన్నిటినీ లేకుండా చేసి నియంతగా మారాడు. మార్చిలోనే ప్రచారం కోసం ఒక మంత్రిత్వశాఖ పెట్టి, గోబెల్సు అనేవాణ్ణి మంత్రిని చేశాడు. పత్రికలు, సినిమాలు, నాటకాలు, పుస్తకాలు, రేడియో, అన్నీ అతని చేతిలోకి వచ్చాయి. మే 10న విశ్వవిద్యాలయాలున్న పట్టణాలలో విద్యార్థులే, యూదులూ ఇతరులూ రాసిన పుస్తకాలను రాసులు పోసి తగలబెట్టారు.

ఆ ఏడే ప్రభుత్వం చవకరకం రేడియోలు చేయించింది. పేదవాళ్ళ ఇళ్ళలోకి కూడా నియంత గొంతు పోవాలని దాని ఎత్తు. యుద్ధం మొదలయినాక విదేశాల రేడియో వినటం నేరమని శాసనం చేశారు. ఇక రెండో మాట వినే దారి లేదు. వీధి మలుపుల్లో అద్దాల పెట్టెలు పెట్టి, వాటిలో స్ట్రైకరు అనేవాడి పత్రికను అంటించేవారు. అందులో యూదుల బొమ్మలను వికారంగా గీసేవారు. బడికి పోయే పిల్లలు రోజూ వాటిని చూస్తూ పోయేవారు.

ఆ స్ట్రైకరే 1938లో పిల్లల కోసం రంగురంగుల బొమ్మల పుస్తకం ఒకటి అచ్చువేశాడు. దాని పేరు "విషపు పుట్టగొడుగు". దానిలో ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని అడవికి పోతుంది. ఏ పుట్టగొడుగు తినవచ్చో, ఏది తినకూడదో చూపుతుంది. వానలు పడినాక నల్లమల అంచు పల్లెలలో ఏ తల్లి అయినా చెప్పే మాటే అది! బిడ్డ ప్రాణం కాపాడే మాట. కాని ఆ పుస్తకంలో తల్లి అక్కడితో ఆగదు. మనుషులలో కూడా విషపు పుట్టగొడుగులు ఉన్నాయనీ, వాళ్ళు యూదులనీ చెబుతుంది.

చూశారా కిటుకు? పుట్టగొడుగుల సంగతి నిజం. తల్లి ప్రేమ నిజం. ఆ రెండు నిజాల మధ్య ఒక అబద్ధాన్ని పెట్టారు. పాలలో కలిపిన విషం లాగా అది లోపలికి పోయింది.

అదే పుస్తకంలో ఇంకొక కథ బడిలో జరుగుతుంది. యూదుడి ముక్కు 6 అంకెలాగా వంకర తిరిగి ఉంటుందని పిల్లలకు నల్లబల్ల దగ్గర పాఠం! పలక మీద అంకెలు దిద్దే వయసులోనే, అంకెను చూపి మనిషిని అసహ్యించుకోవటం నేర్పారన్నమాట. నిజానికి ముక్కును బట్టి యూదుణ్ణి గుర్తుపట్టటం ఎవరివల్లా కాదు. నాజీలకూ ఆ సంగతి తెలుసు. అందుకే 1941లో, ఆరేళ్ళు నిండిన ప్రతి యూదుడూ చొక్కా మీద పసుపు పచ్చ నక్షత్రం కుట్టుకోవాలని ఆజ్ఞ చేశారు. తాము చెప్పినది నిజమే అయితే ఆ నక్షత్రం ఎందుకు?

పగ ఒక్కరోజులో పెరగలేదు. మెట్టు మెట్టుగా పెరిగింది. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాల ముందు నాజీలు కాపలా నిలిచి, లోపలికి ఎవరూ పోవద్దన్నారు. 1935లో యూదులకు పౌరసత్వం తీసేశారు. 1938 నవంబరులో ఒక రాత్రి వాళ్ళ దుకాణాలు వేలకొద్దీ పగులగొట్టి, ప్రార్థనామందిరాలకు నిప్పుపెట్టి, 30,000 మందిని పట్టి శిబిరాలకు పంపారు. ఆ వారంలోనే యూదుల పిల్లలను ప్రభుత్వ బడులనుంచి వెళ్ళగొట్టారు. ఒక్కొక్క మెట్టు దగ్గరా ఇరుగుపొరుగువారు చాలామంది, "మనకెందుకు?" అని ఊరుకున్నారు. ఏళ్ళ తరబడి విన్న మాటలు వాళ్ళ మనసులను అలా బండబార్చాయి.

చివరకు, యుద్ధకాలంలో, నాజీలూ వాళ్ళకు తోడ్పడినవాళ్ళూ యూరపులో దాదాపు 60 లక్షల మంది యూదులను చంపారు. అందులో సుమారు 15 లక్షల మంది పిల్లలు. దినచర్య రాసి ప్రపంచానికి తెలిసిన ఆన్ ఫ్రాంకు ఆ పిల్లలలో ఒకతె. ఆమె తండ్రి మొదటి యుద్ధంలో జర్మను సైన్యంలో అధికారి!

ఆ విషపు రాతను తుడుచుకున్నవాళ్ళు లేరా? ఉన్నారు. హాన్స్ షోల్, అతని చెల్లెలు సోఫీ షోల్ చిన్నప్పుడు తండ్రి వద్దన్నా వినకుండా నాజీ బాలసంఘాలలో ఉత్సాహంగా చేరారు. పెరిగిన కొద్దీ అనుమానం పుట్టింది, ప్రశ్నలు వేశారు, నిజం తెలుసుకున్నారు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, మిత్రులతో కలిసి రహస్యంగా కరపత్రాలు అచ్చువేసి పంచారు. పోలండులో యూదులను చంపుతున్న సంగతి కూడా వాటిలో రాశారు. 1943 ఫిబ్రవరి 22న ప్రభుత్వం వాళ్ళ తలలు నరికించింది. అప్పటికి హాన్సుకు 24 ఏళ్ళు, సోఫీకి 21.

1945లో జర్మనీ ఓడిపోయింది. హిట్లరూ, గోబెల్సూ ఆత్మహత్య చేసుకున్నారు. స్ట్రైకరును న్యూరెంబర్గు నగరంలో న్యాయస్థానం విచారించింది. అతను స్వయంగా ఎవరినీ చంపలేదు. కాని తన రాతలతో చంపటానికి జనాన్ని పురికొల్పాడని తీర్పు చెప్పి, 1946లో ఉరితీశారు. అబద్ధపు మాట కూడా ఆయుధమేనని లోకం ఆనాడు ఒప్పుకున్నది.

ఇదంతా ఎక్కడో జరిగినదని అనుకోకండి. 2018 ఎండాకాలంలో మన తెలుగు పల్లెల్లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని సెల్‌ఫోన్లలో వదంతి పాకింది. దాన్ని నమ్మి, కొన్నిచోట్ల జనం ఏ పాపమూ ఎరుగని కొత్తవాళ్ళను కొట్టి చంపారు. కాని కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల జిల్లాలో రెమా రాజేశ్వరి అనే పోలీసు అధికారిణి తన పోలీసులను ఊరూరికీ పంపింది. వాళ్ళు జనంలో కూర్చుని, పాటలు పాడించి, ఆ బొమ్మలు అబద్ధమని చెప్పారు. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆ వదంతిని ఏ ప్రభుత్వమూ పుట్టించలేదు. అయినా అది మనుషులను చంపింది. ఇక ప్రభుత్వమే అబద్ధం పుట్టించి, "అది అబద్ధం" అన్నవాడి తల తీస్తే ఏమవుతుంది? జర్మనీలో అయినదే అవుతుంది. "అది అబద్ధం" అని నిర్భయంగా చెప్పగల హక్కు ఎంత విలువైనదో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

కనుక, పిల్లలూ, ఎవరైనా ఒక కులాన్నో, మతాన్నో, ఊరివాళ్ళనో చూపి, "వాళ్ళంతా ఇంతే," అన్నప్పుడు ఒక్క క్షణం ఆగండి. "అంతా అంటే ఎవరు? నీవు చూశావా? ఎవరు చెప్పారు?" అని అడగండి. మనుషులను పురుగులతోనో, పాములతోనో, పుట్టగొడుగులతోనో పోల్చి చెబితే మరీ జాగ్రత్తపడండి. ఆ మాట చెప్పినది మీకు ఇష్టమైనవాళ్ళే అయినా సరే, మర్యాదగా అడగండి.

మనసనే పలకకు తడిగుడ్డ ఆ ప్రశ్నే.