ఆండర్సన్ లోయ: ఊరివాళ్ళు అల్లుకున్న మాటలు

పిల్లలూ, ‘క’ భాష గురించి ఎప్పుడైనా విన్నారా? ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి మాట్లాడతారు. ‘నీ పేరు’ అనడానికి ‘కనీ కపే కరు’ అంటారన్నమాట. తెలియనివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు! అమెరికాలో ఒక లోయలో పెద్దవాళ్ళు కూడా ఇలాంటి పనే చేశారు.

ఎక్కడుంది?
కాలిఫోర్నియాలో, మెండసీనో కౌంటీలో ఆండర్సన్ లోయ ఉంది. నవారో నది ఇక్కడినుంచి పారి పసిఫిక్ సముద్రంలో కలుస్తుంది. 128వ నంబరు రోడ్డు మీద వెళ్తే యార్క్‌విల్, బూన్‌విల్, ఫైలో, నవారో అనే చిన్న ఊళ్ళు వరసగా వస్తాయి. ఇక్కడ మొదటినుంచీ ఉన్నవాళ్ళు పోమో ప్రజలు. తరవాత వలస వచ్చినవాళ్ళు గొర్రెలు పెంచారు, ఆపిల్ తోటలు వేశారు. ఇప్పుడు ద్రాక్షతోటలు ఎక్కువ.

ఏమిటా మాటలు?
చుట్టూ కొండలు, బయటివాళ్ళ రాకపోకలు తక్కువ. 1800ల చివరికి బూన్‌విల్‌వాళ్ళు తమలో తాము సరదాగా కొత్త మాటలు పుట్టించుకున్నారు. దాని పేరు బూంట్లింగ్. వెయ్యికి పైగా మాటలున్నాయి. కొన్ని చూద్దాం:

• హార్న్ ఆఫ్ జీస్ – కప్పు కాఫీ. జడ్.సి. అనే పొడి అక్షరాల పేరున్న ఒకాయన చిక్కటి కాఫీ పెట్టేవాడట. ఆ అక్షరాలే ‘జీస్’ అయ్యాయి.
• బకీ వాల్టర్ – డబ్బులు వేసి మాట్లాడే ఫోను. ‘బకీ’ అంటే ఐదు సెంట్ల నాణెం. లోయలో మొదట ఫోను పెట్టించుకున్నాయన పేరు వాల్టర్.
• బ్రైట్‌లైటర్ – పట్నంవాడు.

మాటలు కొత్తవే గాని వాక్యం మాత్రం ఇంగ్లీషుదే. మనం ‘కారు పార్క్ చేసి వస్తా’ అంటాం చూడండి, అందులో వాక్యం తెలుగుది, మధ్యలో మాటలు ఇంగ్లీషువి. ఇదీ అలాంటిదే.

ఇప్పుడు ఏమైంది?
1971లో చార్లెస్ ఆడమ్స్ అనే పరిశోధకుడు బూంట్లింగ్ మీద పుస్తకం ప్రచురించారు. అందుకని మాటలు, వాటి అర్థాలు ఇవాళ్టికీ దొరుకుతాయి. కానీ ఆ మాటలు గలగలా మాట్లాడగలిగేవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పుస్తకం మాటల్ని దాచిపెడుతుంది. వాటిని ఇంట్లో వాడాల్సింది మనుషులే కదా!

చేసి చూడండి
1. మీ ఇంట్లో మాత్రమే వాడే మాటలు మూడు రాయండి. అవి ఎలా పుట్టాయో అమ్మానాన్నల్ని అడగండి.
2. అమ్మమ్మ, తాతయ్య వాడే మాటల్లో మీరు ఇప్పుడు వాడనిది ఏది? దానితో ఒక వాక్యం చెప్పండి.