స్టీరింగ్ తేలికైతే...

వరిమడిలో దమ్ము పడుతూ పాత చిన్న ట్రాక్టరును మూల తిప్పాలంటే భుజాలు పట్టేస్తాయి. విజయనగరం జిల్లా రాజాం మళ్లలోనైనా అంతే! మరి ఆ బండికి పవర్ స్టీరింగ్ పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు. ఇంజిన్‌తో తిరిగే పంపు, స్టీరింగ్ కింద వాల్వు, ముందు చక్రాలను నెట్టే సిలిండరు, గొట్టాలు, ఆయిల్ ట్యాంకు కావాలి. స్టీరింగ్ తిప్పగానే వాల్వు ఆయిల్‌ను సిలిండరుకు పంపుతుంది. శ్రమంతా ఇంజిన్‌దే. అది ఆగితే స్టీరింగ్ మళ్లీ బరువే!

పూర్తి హైడ్రాలిక్ పద్ధతిలో స్టీరింగుకీ చక్రాలకీ మధ్య ఇనుప కడ్డీ ఉండదు. ఆయిలే ఆధారం. రోడ్డు మీద గొట్టం పగిలితే బండి మాట వినదు. అందుకే నాసిరకం గొట్టాలు వద్దు.

అన్నట్టు... ఖర్చు పెట్టేముందు టైర్లలో గాలి, ముందు ఇరుసుకు గ్రీజు చూసుకోండి. ఒక్కోసారి సగం బరువు అక్కడే తగ్గుతుంది!