ఖరీదైన మౌస్ కొంటే ఆట వస్తుందా?

మా చిన్న తెలుగు తరగతిలో ఈమధ్య ఒక వాదన పుట్టింది. ఈ ఏడాదే తండ్రి బదిలీతో జంషెడ్‌పూర్ వచ్చిన తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు, పన్నెండు వేల రూపాయల గేమింగ్ మౌస్ కొనమని ఇంట్లో పట్టుబట్టాడట. "మంచి మౌస్ లేకే ఓడిపోతున్నాను మేడమ్. ఓడిపోయేవాణ్ణి టీములో ఎవరు చేర్చుకుంటారు?" అన్నాడు.

బిష్టుపూర్ బజారుకు వెళితే మూడు, నాలుగు వందలకూ మౌస్ దొరుకుతుంది. పది వేలు దాటిన మౌస్‌లూ ఉన్నాయి. మరి ఇంత తేడా దేనికి? అందరం కూర్చుని లెక్క వేశాం.

ముందుగా మౌస్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనతో 1964లో తయారైన మొదటి మౌస్ ఒక చెక్క పెట్టె. దాని అడుగున రెండు చక్రాలు ఉండేవి. ఇప్పటి మౌస్‌కు చక్రాలు లేవు. అడుగున చిన్న దీపం, దాని పక్కన కెమెరా వంటి సెన్సర్ ఉంటాయి. ఆ సెన్సర్ బల్ల ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫోటో తీస్తుంది. ఒక ఫోటోను తరువాతి ఫోటోతో పోల్చి, మౌస్ ఎటు, ఎంత కదిలిందో కంప్యూటర్‌కు చెబుతుంది.

ఇక పెట్టె మీద రాసే పెద్ద పెద్ద అంకెల సంగతి. మొదటిది డీపీఐ. మౌస్‌ను ఒక అంగుళం కదిపితే అది ఎన్ని అడుగులుగా లెక్కపెడుతుందో చెప్పే అంకె ఇది. కొన్ని పెట్టెల మీద 26,000 అని ఉంటుంది. మన తెర అడ్డంగా 1,920 చుక్కలు అనుకుందాం. 1,920ని 26,000తో భాగించండి. మౌస్‌ను రెండు మిల్లీమీటర్లు కూడా కదపకముందే బాణం గుర్తు తెర ఈ చివరి నుంచి ఆ చివరకు వెళ్లిపోతుంది! అలా గురిపెట్టడం ఎవరి తరం? అందుకే పోటీల్లో ఆడేవారు ఎక్కువమంది 400 నుంచి 1,600 మధ్యే పెట్టుకుంటారు. ఆ మాత్రం చవక గేమింగ్ మౌస్‌లోనూ ఉంటుంది.

రెండో అంకె పోలింగ్ రేటు. మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు పంపుతుందో ఇది చెబుతుంది. మామూలు మౌస్ సాధారణంగా 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి పంపుతుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. సుమారు పదిహేను వందల రూపాయల గేమింగ్ మౌస్ వెయ్యిసార్లు పంపుతుంది. చాలా ఖరీదైనది 8,000 సార్లు పంపుతుంది. వెయ్యి నుంచి ఎనిమిది వేలకు వెళితే మిగిలేది ఒక్క మిల్లీసెకను కూడా కాదు.

ఆ కాలం ఎంత చిన్నదో తెలియాలంటే ఒక స్కేలు చాలు. మీ స్నేహితుడు స్కేలును నిలువుగా పట్టుకుంటాడు. మీరు సున్నా దగ్గర బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. అతడు చెప్పకుండా వదలగానే పట్టుకోండి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు 200 మిల్లీసెకన్లు పట్టినట్టు. మా తరగతిలో చాలామంది ఆ దరిదాపుల్లోనే పట్టుకున్నారు.

ఇంటర్నెట్ ఆటల్లో ఇంకో ఆలస్యం ఉంది. సర్వర్ ముంబయిలో ఉందనుకోండి. జంషెడ్‌పూర్ నుంచి అక్కడికి పధ్నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే మన క్లిక్ వెళ్లి జవాబు రావడానికే కనీసం 14 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన మౌస్ కొన్నా ముంబయి దగ్గరకు జరగదు కదా!

అలాగని ఖరీదైనవన్నీ దండగ అనలేం. మంచివి 60 గ్రాముల బరువే ఉంటాయి, గంటల తరబడి ఆడినా చెయ్యి తక్కువగా అలుస్తుంది. వైరు లేకపోయినా ఆలస్యం తెలియదు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చారు. ఆ స్థాయిలో ఆడేవారికి ఈ చిన్న తేడాలూ లెక్కలోకి వస్తాయి. మనకు మాత్రం చేతికి సరిపడే సైజు, జారకుండా పట్టు, నమ్మకమైన బటన్లు ముఖ్యం. ఇవి రెండు వేల లోపే దొరుకుతాయి.

మన ఊళ్లోనే దీనికొక ఉదాహరణ ఉంది. ఇక్కడి టాటా ఆర్చరీ అకాడమీలో శిక్షణ పొందిన దీపికా కుమారి, చిన్నతనంలో ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతో సాధన చేశారు. అకాడమీకి వచ్చాకే అసలైన పోటీ విల్లు చేతికందింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచారు. మంచి విల్లు అవసరమే, కానీ గురి అంతకు ముందే మొదలైంది.

ఇంతకీ మా విద్యార్థి సంగతి? లెక్కలన్నీ విన్నాక కూడా వాడి ముఖం విప్పారలేదు. అప్పుడు అర్థమైంది, వాడికి కావలసింది మౌస్ కాదు, టీము. బదిలీల మీద ఊళ్లు మారే మనందరికీ ఆ దిగులు తెలిసిందే. "ఖరీదైన మౌస్ ఉన్న అబ్బాయిని, ఒక్కసారి దాంతో ఆడనిస్తావా అని అడుగు" అన్నాం. అడిగాడు. ఆదివారం వాళ్లింటికి వెళ్లి ఆ మౌస్‌తోనూ ఓడిపోయి వచ్చాడు.

"మళ్లీ వచ్చే ఆదివారం రమ్మన్నాడు మేడమ్" అని సోమవారం నవ్వుతూ చెప్పాడు. మౌస్ ఊసు మాత్రం ఎత్తలేదు.