నీరు పల్లమెరుగు, సైకిలూ ఎరుగు

ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు నాంపల్లి స్టేషన్ దగ్గర బయల్దేరతాను. మొజంజాహీ మార్కెట్ గడియారం దాటి అఫ్జల్‌గంజ్ వైపు తిరిగాక పెద్దగా తొక్కే పనుండదు, బండి దానంతటదే జారుతుంది. ఆబిడ్స్‌లో ఉద్యోగం చేస్తూ ఇరవయ్యేళ్లు ఇదే దారిలో బస్సెక్కి తిరిగినా ఇక్కడ పల్లం ఉందని ఏనాడూ తెలియలేదు. వాన పడితే ఆబిడ్స్ నీళ్లు, నాంపల్లి నీళ్లు ఎటు పోతాయో నాకు చెప్పింది నా మోకాళ్లే.

నాది పాత మౌంటెన్ బైక్. కొన్నప్పుడు మా ఆవిడ నవ్వింది: "ఆబిడ్స్‌లో కొండలెక్కడున్నయండీ?" అని. 1970లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత సైకిళ్లకు లావు టైర్లు వేసి కొండల మట్టిబాటల్లో దూకించడంతో పుట్టిన బండి ఇది. లావు టైరు, ముందు షాకప్, ఎత్తుకు తేలిక గేరు ఉంటాయి. నేను వెళ్లే మూసీ నది ఒడ్డుకు ఈ మూడూ కావాలి. అక్కడ వరసగా బాటంటూ లేదు. కాసేపు తారు, కాసేపు రాళ్లు, తర్వాత గోడ పక్కన మట్టి, నడుమ చెత్తకుప్ప.

మొదట్లో గాలి గట్టిగా కొట్టించుకుని వెళ్లాను. పురానాపూల్ చేరేసరికి మణికట్లు పట్టేశాయి. పంక్చర్లేసే చాచా టైరును బొటనవేలితో నొక్కి చూసి, "కొంచెం గాలి తీయుండ్రి సార్, గిది లారీ కాదు" అన్నాడు. ఇప్పుడు 35 పీఎస్‌ఐతో వెళ్తున్నాను. కాస్త మెత్తబడ్డ టైరు రాయి మీద లొంగి, నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే మాత్రం ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అదీ నాకు అనుభవమే.

నయాపూల్ వంతెన ఇంకా రాకముందే కుడిచేతి వైపు ఉస్మానియా ఆసుపత్రి. లోపలున్న చింతచెట్టు కోసం అక్కడ ఆగుతాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు సుమారు 15 వేల మంది పోయారని అంచనా. ఈ చెట్టెక్కిన 150 మంది దాకా బతికారని చెబుతారు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఊళ్లోకి వచ్చాక ఆపలేం, ఊరికి పైనే నిలపాలన్నది ఆయన ఆలోచన. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట అనేది, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అయినా 2025 సెప్టెంబర్ చివర్లో వాటి గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి. నది ఒడిలో కట్టిన బస్టాండ్ మరి.

వంతెన దాటి కుడికి తిరిగితే హైకోర్టు, ఆ తర్వాత సిటీ కాలేజీ. కంపు సంగతి దాచను. ఎండాకాలంలో ముక్కుకు గుడ్డ కట్టుకునే తొక్కుతాను. అదే మురుగులో కొంగలు మాత్రం ఒంటికాలి మీద తీరిగ్గా నిలబడి ఉంటాయి.

పురానాపూల్ మీద దిగి నడిపించాల్సిందే, దారంతా కూరగాయల బుట్టలు. 22 కమాన్ల ఈ వంతెనను 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. హైదరాబాద్ పుట్టింది 1591లో. ఊరికంటే వంతెనే 13 ఏళ్లు పెద్దది! కొడుకు కులీ, ప్రియురాలు భాగమతి కోసం పొంగే ఏటిలో గుర్రాన్ని దూకిస్తే, భయపడ్డ తండ్రి వంతెన వేయించాడని కథ. వంతెన కట్టేనాటికి ఆ కొడుక్కి పన్నెండు పదమూడేళ్లు. ప్రేమకథ కంటే గోల్కొండ వ్యాపారమే నాకు నమ్మకంగా తోస్తుంది. టమాటాలమ్మే అవ్వకు ఆ మాట చెబితే, "నువ్వు కొనేదుందా, లేదా?" అంది. అరకిలో కొని హ్యాండిల్‌కు తగిలించుకున్నాను.

అక్కణ్ణుంచి జుమ్మేరాత్ బజార్, బేగంబజార్ మీదుగా ఎగువకు రావాలి. పొద్దున్నే దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి. చిన్న గేరు వేసినా పిక్కలు లాగుతాయి. పొద్దున జారిందంతా ఇప్పుడు వడ్డీతో కట్టాలి. మొత్తం ఎనిమిది కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఇంటికొచ్చి గేటు బయటే బండి కడుగుతాను. మూసీ మట్టిని గుమ్మం దాటనివ్వదు మా ఆవిడ. ఆ నల్లటి నీళ్లు మోరీలో పడి, మళ్లీ అఫ్జల్‌గంజ్ దిక్కుకే పారతాయి.